డిసెంబరు కచేరీలకి చెన్నై వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులు అయ్యీ అవగానే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. కర్ణాటక సంగీతం ఇష్టమే కానీ చెన్నై సీజన్, అంటే డిసెంబరు కచేరీల సందడి, ఎప్పుడూ చూడనివాళ్లు అడుగుతారు. ఒకసారి వెళ్లి సగం అర్థమై, సగం అర్థంకాక తిరిగొచ్చినవాళ్లు అడుగుతారు. పిల్లల్ని సంగీతం క్లాసులో చేర్పించిన తల్లిదండ్రులైతే మరీను. కింద రాసినవి నేనూ, నాతో హాళ్లలో కూర్చునే స్నేహితులూ ఈమధ్య సీజన్లలో చూసినవి, విన్నవి, కొన్నిచోట్ల గొణుక్కున్నవి. అభిప్రాయాలు దాచుకోలేదు. నచ్చకపోతే మీ చెవులే మీకు ప్రమాణం.

అసలు ఈ సీజన్ ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నాళ్లుంటుంది?

మన ధనుర్మాసమే అక్కడ మార్గళి. అయితే కచేరీలు పంచాంగం చూసుకుని ఆగవు, కొన్ని సభలు (కచేరీలు నిర్వహించే సంస్థలు) నవంబరు చివర్లోనే మొదలుపెట్టేస్తాయి. అసలైన జోరు మాత్రం డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు ఒక సంగీత సమ్మేళనం పెట్టారు. ఆ ఊపులోనే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటిగా మిగతా సభలూ డిసెంబరునే పట్టుకున్నాయి. ఇప్పుడు మైలాపూరు, టి.నగర్, ఆళ్వార్‌పేట చుట్టుపక్కల ఒకే రోజు పదుల సంఖ్యలో కచేరీలు జరుగుతాయి. 2017లో యునెస్కో చెన్నైని సంగీత నగరాల జాబితాలో చేర్చింది కూడా ఈ సంప్రదాయం చూసే.

ఎన్ని రోజులు ఉండాలి? రోజుకి ఎన్ని కచేరీలు వినొచ్చు?

మూడు నాలుగు రోజులు చాలు. ఎన్ని వినొచ్చు అన్నదే అసలు గొడవ. ఉదయం ఎనిమిదింటికి అకాడమీలో ప్రసంగం, పదింటికి ఒక కచేరీ, మధ్యాహ్నం రెండు కచేరీలు, సాయంత్రం ఇంకో రెండు... కాగితం మీద చూస్తే అన్నీ వినేయొచ్చనిపిస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లందరూ ఇలాంటి టైమ్‌టేబుల్ ఒకటి వేసుకునే వస్తారు. రెండోరోజు సాయంత్రానికి కల్యాణి రాగం ఎవరు పాడారో, కాంభోజి ఎవరు పాడారో గుర్తుండదు, తల బరువెక్కుతుంది, ఆటోవాడితో గొడవ ఒక్కటే గుర్తుంటుంది.

రోజుకి రెండు. ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం. ఆ రెండూ మొదటి వర్ణం నుంచి చివరి మంగళం దాకా కూర్చుని వినండి. ఇక్కడ సగం, అక్కడ సగం వినడాన్ని సభలు మారడం అంటారు గానీ సంగీతం వినడం అనరు. పూర్తి కచేరీకి ఒక నడక ఉంటుంది. పాడేవాళ్లు దాన్ని ఆలోచించి పేరుస్తారు. మధ్యలో దూరి మధ్యలో లేచిపోయేవాళ్లకి అది దొరకదు.

టికెట్లు దొరుకుతాయా?

పెద్ద పేర్లున్న సాయంత్రం కచేరీలకి ముందే కొనాలి. చాలా సభలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాయి. కొన్నిచోట్ల పొద్దున్నే కౌంటరు దగ్గర వరసలో నిలబడితే ఆ రోజు టికెట్లు ఇస్తారు. ముందు వరసలు దాతలవీ, సీజన్ టికెట్ల వాళ్లవీ కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి. బాల్కనీ అంటే చిన్నచూపు అక్కర్లేదు. అకాడమీ బాల్కనీలో ధ్వని బాగుంటుంది, ధర తక్కువ. పైగా అక్కడ కూర్చునేవాళ్లు ఎక్కువగా వినడానికొచ్చినవాళ్లే, కనబడటానికి వచ్చినవాళ్లు కాదు.

మధ్యాహ్నం కచేరీలు ఉచితమట కదా. ఉచితం అంటే బాగోవేమో?

సీజన్ మొత్తంలో నన్ను ఏదో ఒక్కటే ఉంచుకోమంటే మధ్యాహ్నం కచేరీలనే ఉంచుకుంటాను. సభలు పన్నెండు నుంచి నాలుగు లోపు స్లాట్లను ఎదుగుతున్న కుర్రవాళ్లకి ఇస్తాయి. చాలాచోట్ల టికెట్ ఉండదు. పాడేది ఇరవై, పాతికేళ్ల వాళ్లు. సాయంత్రం స్లాటు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు. ఉన్నదంతా ఆ రెండు గంటల్లో పెట్టేస్తారు.

మైలాపూరులో ఒక చిన్న హాలులో ఇలాంటిదే ఒక మధ్యాహ్నం. ముందు రెండు వరసలే నిండాయి. ఆ రెండు వరసల్లోనూ సగం మంది పాడే అమ్మాయి బంధువులేనని వాళ్ల కంగారు చూస్తేనే తెలుస్తోంది. అమ్మాయి తోడి రాగం ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని విస్తరించడం) ఎత్తుకుంది. తారస్థాయికి వెళ్లబోతుండగా వయొలిన్ సన్న తీగ టప్పున తెగింది. వాయించే కుర్రాడు పెట్టెలోంచి కొత్త తీగ తీసి బిగించడం మొదలెట్టాడు. ఆ అమ్మాయి పాట ఆపలేదు. పైకి వెళ్లాల్సిన రాగాన్ని నెమ్మదిగా కిందకి దింపి, మధ్యస్థాయిలో గాంధారం చుట్టూనే తిరుగుతూ అతని వైపు చూస్తూ కూర్చుంది. మృదంగం ఆయన నవ్వుకుంటూ తల ఊపుతున్నాడు. తీగ శ్రుతిలో పడి అతను కమాను ఎత్తి తల ఆడించాక, అప్పుడు వెళ్లింది పైకి. అతను ఆమె వెనకే నీడలా అందుకున్నాడు. హాలులో ఉన్న కొద్దిమందీ ఒక్కసారిగా 'ఆహా' అన్నారు. అలాంటిది రికార్డులో దొరకదు. సాయంత్రం పెద్ద విద్వాంసుల దగ్గర కూడా తరచుగా దొరకదు, వాళ్ల కచేరీల్లో అన్నీ సాఫీగానే సాగిపోతాయి కాబట్టి.

నాకు రాగాలు గుర్తుపట్టడం రాదు. వెళ్తే వెర్రిమొహం వేసుకుని కూర్చోవాలా?

అక్కర్లేదు. హాలులో గట్టిగా రాగం పేరు చెప్పేవాళ్లలో చాలామందికి కూడా అన్నీ తెలియవు. దర్బారా నాయకా, ఆరభా దేవగాంధారా అని పక్కపక్క సీట్లలో పెద్దవాళ్లు గుసగుసగా వాదించుకోవడం మామూలే. ఆ గుసగుసలు నాకైతే ఇష్టం. తమిళ మామి (అక్కడ పెద్దావిడల్ని అలా పిలుస్తారు) ఒకావిడ ప్రతి ఆలాపన మొదట్లో కళ్లు మూసుకుని, రెండు నిమిషాలయ్యాక కళ్లు తెరిచి, పక్కావిడ చెవిలో పేరు చెప్పి మళ్లీ మూసుకునేది. పాట ఎత్తుకున్నాక నిర్ధారణ అయితే ఒక చిన్న చిరునవ్వు.

మీకు తెలిసిన ఒక్క రాగంతో మొదలుపెట్టండి. చిన్నప్పుడు ఇంట్లో అమ్మో అమ్మమ్మో పాడిన పాట ఏదో ఒకటి ఉంటుందిగా, అది ఏ రాగమో తెలుసుకోండి. కచేరీలో ఆ రాగం వస్తే ఒళ్లు దానంతటదే చెప్తుంది. మోహన, హిందోళం లాంటివి ఐదు స్వరాల రాగాలు కాబట్టి త్వరగా పట్టుబడతాయి. శంకరాభరణం, ఖరహరప్రియ కాస్త ఆలస్యంగా లొంగుతాయి. భైరవి, ముఖారి తేడా తెలియడానికి కొందరికి జీవితకాలం పడుతుంది, అది తప్పేమీ కాదు.

కచేరీలో ఏది తర్వాత ఏది వస్తుందో ముందే తెలుస్తుందా?

పాటల జాబితా సాధారణంగా ముందే ఇవ్వరు. వరస మాత్రం ఇంచుమించు ఒకటే. ఈ పద్ధతికి రూపం ఇచ్చింది అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890-1967) అంటారు. మొదట వర్ణంతో గొంతు వేడెక్కుతుంది. తర్వాత వినాయకుడి మీదో, కాస్త చురుగ్గానో ఒకటి రెండు కృతులు. ఒక మోస్తరు రాగాలాపన. తర్వాత ఆ రోజు ప్రధాన రాగం: ఆలాపన, కృతి, నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం), దాని వెంట తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం). నిడివి ఉంటే రాగం తానం పల్లవి, అంటే ఒక రాగాన్నీ ఒకే పాదాన్నీ తీరిగ్గా విస్తరించడం. చివర్లో పదాలు, జావళీలు అనే శృంగార గీతాలు, భజనలు, తిల్లానా లాంటి తేలిక రకాలు, ఆఖరున మంగళం. పాతతరం వాళ్లు నాలుగు గంటలు, ఐదు గంటలు పాడేవారట. ఇప్పుడు రెండున్నర గంటలు దాటితే నిర్వాహకులు తెర పక్కనుంచి గడియారం చూపిస్తారు.

మధ్యలో సన్మానాలు, ప్రసంగాలు పెట్టే సభలున్నాయి. శాలువా కప్పడానికి పావుగంట, దాని గురించి మాట్లాడటానికి పావుగంట. ఆ అరగంటలో ఒక మంచి పల్లవి అయిపోయేది.

మృదంగం ఒంటరిగా వాయిస్తున్నప్పుడు అందరూ లేచి ఎందుకు వెళ్లిపోతారు?

కాఫీకి. ఇంతకన్నా మర్యాదైన జవాబు లేదు. తని ఆవర్తనం మొదలవగానే సీట్లు టపటపా మూసుకునే చప్పుడు మృదంగం చప్పుడుతో పోటీపడుతుంది. వేదిక మీద కూర్చున్నవాళ్లకి అది కనబడుతూనే ఉంటుంది.

మీరు మాత్రం కూర్చోండి. లెక్క తెలియకపోయినా పట్టుకోవడానికి రెండు ఆనవాళ్లు చాలు. ఘటమో కంజీరానో (చేత్తో వాయించే చిన్న డప్పు) తోడుంటే ఇద్దరూ వంతులు వేసుకుంటారు. మొదట ఒక్కొక్కరూ ఎక్కువసేపు, తర్వాత సగం, అందులో సగం, అలా తగ్గించుకుంటూ వచ్చి చివరికి కలిసి వాయిస్తారు. అది ఒక రకమైన సంభాషణ. ఒకరు వేసిన ముక్కని రెండోవాళ్లు ఎలా తిప్పి ఇచ్చారో గమనిస్తే సగం సరదా అక్కడే ఉంది. తర్వాత మోహరా వస్తుంది, అంటే ముగింపు దగ్గరపడిందన్నమాట. ఆపైన ముక్తాయింపు మూడుసార్లు. మూడోసారి ముగిసిన క్షణాన గాయకులు పాటని సరిగ్గా ఎత్తుగడ దగ్గర అందుకుంటారు. ఆ దిగడం కోసమే పావుగంట కూర్చున్నామా అనిపిస్తుంది, కానీ పావుగంట కూర్చోనివాళ్లకి ఆ దిగడం ఏమీ అనిపించదు.

తాళం వెయ్యాలా? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

తాళం తెలిస్తే తొడ మీద నెమ్మదిగా వేసుకోండి. ఆది తాళం సులువు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత రెండుసార్లు దెబ్బ-విసురు. ఎనిమిది. తప్పితే పక్కవాళ్ల చెయ్యి చూసి సరిచేసుకోవచ్చు, అందరూ చేసే పనే అది. ముందు సీటు వీపు మీద మాత్రం కొట్టకండి. చప్పట్లు పాట అయ్యాక, ఆలాపన అయ్యాక, వయొలిన్ వంతు అయ్యాక. మంచి సంగతి (పాదాన్ని కొత్తగా తిప్పి పాడటం) పడినప్పుడు భేష్ అనడం, నాలుక చప్పరించడం, తల ఊపడం అన్నీ చెల్లుతాయి. ఈలలు వద్దు.

అక్కడ పాడేవి తెలుగు పాటలేనంటారు. తమిళ గాయకులు పాడితే మాటలు అర్థమవుతాయా?

త్యాగరాజస్వామి కృతుల్లో చాలావరకు తెలుగే. శ్యామశాస్త్రి, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కూడా ఎక్కువగా తెలుగులోనే రాశారు. వర్ణాల్లో, పదాల్లో, జావళీల్లో సింహభాగం మనదే. కచేరీల్లో తమిళానికి చోటు దక్కడం లేదని 1940ల్లో అక్కడ తమిళ ఇసై ఉద్యమమే నడిచింది. అంటే ఆ హాలులో ఉన్న వెయ్యిమందిలో పాట మాట మాటకీ అర్థమయ్యే అదృష్టం ఉన్న కొద్దిమందిలో మీరొకరు. రాగం తెలియదని బెంగపడే తెలుగువాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. త్యాగయ్య రాముణ్ణి బతిమాలుతున్నాడా, దెప్పుతున్నాడా, అలిగాడా అన్నది మీకు తెలిసిపోతుంది. పక్కనున్న మామికి స్వరం తెలుసు, మీకు ఆ దెప్పిపొడుపు తెలుసు.

ఉచ్చారణ సంగతికొస్తే, నిజం చెప్పాలి. 'భ' కాస్తా 'బ' అవుతుంది, కొన్నిసార్లు 'ప' దాకా వెళ్తుంది. తాళం కోసం మాటని నడిమికి విరిచినప్పుడు వాక్యం కాళ్లూ చేతులూ విరిగినట్టు వినిపిస్తుంది. నెరవులో ఇది మరీ కష్టం, అదే పాదం పదేపదే వస్తుంది కాబట్టి. ఇప్పటి కుర్రవాళ్లలో కొందరు తెలుగు లిపి నేర్చుకుని, అర్థం అడిగి రాసుకుని పాడుతున్నారు. అలాంటివాళ్లు పాడినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది, ఆ పాదం మీద మనసు నిలుస్తుంది. అలాగని మాటలు మింగేసే తెలుగు గాయకులు లేరని కాదు. కచేరీ అయ్యాక గాయకుల దగ్గరికి వెళ్లి మాట దిద్దబోయే తెలుగు పెద్దమనుషులు ఉంటారు. ముందు పాట బాగుందని చెప్పి, తర్వాత ఆ మాట ఎత్తితే అందరికీ మంచిది.

మన తెలుగు విద్వాంసులకి అక్కడ గౌరవం ఉందా?

ఉంది. వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1941లోనే తన పెద్ద బిరుదైన సంగీత కళానిధి ఇచ్చింది అకాడమీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారికి 1978లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో వచ్చింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేరు చెబితే ఇప్పటికీ అక్కడివాళ్లు రెండు చేతులూ ఎత్తుతారు. విజయవాడ నుంచి వెళ్లి పాడే మల్లాది సోదరుల కచేరీకి హాలులో తెలుగు బాగా వినబడుతుంది. ఇంటర్వెల్ లేదు కాబట్టి తని ఆవర్తనంలో అనుకోండి.

క్యాంటీన్ల గురించి అంత గొప్పగా చెప్తారెందుకు?

వెళ్లి చూడండి. ప్రతి పెద్ద సభ ఆవరణలో ఒక పందిరి, రేకు బల్లలు, అరిటాకులు. కచేరీ టికెట్ లేకపోయినా తినొచ్చు. ఊరివాళ్లు చాలామంది పాట వినకుండా భోజనానికే వస్తారు. మధ్యాహ్నం ఆకు భోజనం, సాయంత్రం అడై-అవియల్, రవ్వదోశ, ఆకుకూర వడ, తీపికి అక్కారవడిసల్. ఆ చివరిదాన్ని బియ్యం, పెసరపప్పు, పాలు, బెల్లం, నెయ్యి వేసి అలా ఉడికిస్తూనే ఉంటారు, మన చక్కెరపొంగలి కంటే జారుగా ఉంటుంది. కారం మన నాలుకకి ఆనదు, ఊరగాయ పొట్లం వెంట తీసుకెళ్లేవాళ్లు నాకు తెలుసు. కాఫీ మాత్రం వంక పెట్టలేం. విద్వాంసులు కూడా పక్క బల్ల మీదే కూర్చుంటారు, తింటుండగా ఫొటో అడక్కండి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలైతే తప్పకుండా. ముఖ్యంగా మధ్యాహ్నం కచేరీలకి, తమకంటే పదేళ్లే పెద్దవాళ్లు వేదిక మీద కనబడతారు. మరీ చిన్నపిల్లలైతే చివరి వరసలో, తలుపు దగ్గర సీటు.

ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా?

చాలా సభల్లో కూడదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచండి. తెరమీద వెలుతురు వెనకవాళ్ల కళ్లలో పడుతుంది. 2020లో కోవిడ్ వల్ల సీజన్ ఆన్‌లైన్‌కి వెళ్లాక కొన్ని కచేరీలు డబ్బు కట్టి ఇంట్లోంచే చూసే వీలొచ్చింది, మళ్లీ వినాలనుకుంటే అదే దారి.

ప్రయాణం, బస సంగతి?

డిసెంబరులో చెన్నై రైళ్లకి శబరిమల రద్దీ, క్రిస్మస్ సెలవుల రద్దీ కలుస్తాయి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి అక్టోబరులోనే చూసుకోండి. విజయవాడ నుంచి పగటిపూట పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది, 2023 నుంచి వందేభారత్ కూడా. బస మైలాపూరు, ఆళ్వార్‌పేట దగ్గర దొరికితే నడిచి వెళ్లొచ్చు. మైలాపూరులోని లజ్ కూడలి దగ్గర మెట్రో పనుల వల్ల ఈమధ్య ఆటోలో ఐదు నిమిషాల దారి అరగంట అవుతోంది. ఈశాన్య రుతుపవనాలు పూర్తిగా పోవు, 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపానుకి ఊరు ఊరే మునిగింది. గొడుగు పెట్టుకోండి, శాలువా కూడా. బయట ఉక్కగా ఉన్నా హాలులో ఏసీ గడగడలాడిస్తుంది.

పట్టుచీర తప్పనిసరా?

కాదు. కానీ హాలునిండా కంచిపట్టు చూశాక మీరే మర్నాడు బీరువా గుర్తుచేసుకుంటారు.

పెద్ద పేరు విని వెళ్లాం, నిరాశగా ఉంది. మాకే వినడం రాలేదా?

అలా అనుకోనక్కర్లేదు. ఒక సీజన్‌లో పేరున్న గాయకులు ఊరంతా తిరిగి పాడతారు. ఒక్కో సభలో ఒక్కో కచేరీ, మధ్యలో విశ్రాంతి తక్కువ. క్రిస్మస్ దాటేసరికి గొంతులు అలసిపోవడం వినిపిస్తుంది. మైకులు మరో తలనొప్పి: మృదంగం చెవుల్లో మోగుతుంది, తంబురా వినబడదు. వేదిక మీంచి 'మానిటర్ కొంచెం పెంచండి' అని మూడుసార్లు అడిగిన కచేరీలో మనసు కుదరడం కష్టం. అదే గాయకుణ్ణి సీజన్ మొదట్లో, చిన్న హాలులో వినండి. వేరే మనిషిలా ఉంటాడు.

విన్నది ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పాలంటే ఎలా? 'అద్భుతం' తప్ప ఏమీ రావడం లేదు.

చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. హాలులో చాలామంది దగ్గర ఉంటుంది. పాట, రాగం, తాళం, ఎవరి రచన, ఒక్క ముక్క వ్యాఖ్య. రాగం తెలియకపోతే ప్రశ్నార్థకం వేసి వదిలేయండి, తర్వాత ఎవరో ఒకరు చెప్తారు. వయొలిన్, మృదంగం ఎవరో తప్పకుండా రాయండి, ఇంటికొచ్చి కచేరీ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది వాళ్లనే. అద్భుతం అని రాసేముందు ఎక్కడ అద్భుతం అనిపించిందో రాయండి: ఏ పాదం దగ్గర, ఏ స్వరం మీద నిలబడినప్పుడు. అది రాస్తే నాలాంటివాళ్లు ఫోన్ చేసి మరీ అడుగుతారు.

చెన్నై వెళ్లలేం. దగ్గర్లో ఏమీ లేవా?

ఉన్నాయి. పుష్య బహుళ పంచమి చుట్టూ త్యాగరాజ ఆరాధన మన ఊళ్లలోనూ జరుగుతుంది, తిరువయ్యారులోలాగే పంచరత్నాలు (త్యాగయ్య ఐదు పెద్ద కృతులు) అందరూ కలిసి పాడతారు. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు కాబట్టి పుస్తకం చూసి గొంతు కలపొచ్చు. శ్రీరామనవమి పందిళ్లలో కచేరీలు పెట్టే ఊళ్లు ఇంకా మిగిలున్నాయి. కాకినాడ సరస్వతీ గాన సభకి వందేళ్లు దాటాయి. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖలో కళాభారతి కార్యక్రమాల బోర్డులు చూస్తూ ఉండండి, చాలావాటికి ప్రవేశం ఉచితం. అమెరికాలో ఉన్నవాళ్లకి క్లీవ్‌ల్యాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం ఉంది, ఏటా ఈస్టర్ ప్రాంతంలో మొదలవుతుంది. అక్కడి క్యాంటీన్ గురించి మాత్రం వెళ్లొచ్చినవాళ్లనే అడగండి.